చేవ

ఫీలిక్స్‌టో రేవులో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
క్రేన్లకు దీపాలు వెలిగిస్తారు.
కాగితం మీద ఇలా ఉంది: గిటార్ మెడలు, పాలిష్ చేసినవి,
మూడు వందల నలభై పెట్టెలు.
థర్‌కెటిల్ ఒక పెట్టె మూత లేపి
నా వైపు నెట్టాడు, నువ్వే చెప్పాలి అని.

నేను కాదు, ముందు నీళ్ళు చెప్పాలి.
గాజు గ్లాసులో గోరంత చెక్కముక్క వేశాను.
కొయ్య అన్నాక తేలాలి గదా,
ఇది రాయిలా అడుగు చూసుకుంది.

బ్లేడుతో పొర తీసి లెన్సు కింద పెడితే
అలలు అలలుగా నార.
ఇక పుస్తకం తెరవక్కర్లేదు.
రాజంపేట బడిలో మా పుల్లయ్య సారు
నల్లబల్ల మీద సున్నా చుట్టి, లోపల ఇంకో సున్నా చుట్టి,
బయటిది బెరడు, నడిమిది తెల్లకొయ్య, లోపలిది చేవ,
మీలో ఎవరికన్నా ఉందంట్రా అది, అని అడిగేవాడు.
వెనక బెంచీలో నేను చెయ్యెత్తాను.
అందరూ నవ్వారు.

చేవకు తొందర లేదు.
పలుగురాళ్ళ సందుల్లో, వాన లెక్కపెట్టుకుని కురిసే చోట,
మొదటి పదేళ్ళూ చెట్టు లోపలంతా తెలుపే,
ఎవరి కంటికీ ఆనక, హాయిగా.
ఆ తర్వాత నట్టనడుమ
ఒక ఎర్ర చుక్క.
అక్కణ్ణించి దానికి గండం.

ఫారంలో ఒక గడి: ఏ దేశం?
దేశం పేరు రాశాను.
దేశం కాదు, ఇదొక కొండ వరస,
అటు పెన్న, ఇటు స్వర్ణముఖి,
ఆ చుట్టుపట్ల తప్ప తనంతట తాను ఇంకెక్కడా మొలవదు,
అని రాయడానికి చోటు లేదు.
విలువ అన్న గడి మాత్రం వెడల్పుగా ఉంది.

మా చిన్నాయన ఓబులేసు ఆ కొండకు వాచరు.
ఒక ఈల, ఒక దుడ్డుకర్ర, ఎప్పుడో పడే జీతం.
ఒక రాత్రి చరియ మీంచి జారిపడ్డ మనిషిని
వీపున వేసుకుని తెల్లారేదాకా దిగాడు.
అరవ కుర్రాడు. దుంగలు మోసీ మోసీ
భుజం మీద కాయ కాచింది.
అగ్గి ఆర్పే నీళ్ళ డబ్బా మోసి నాకూ అక్కడే కాసిందే,
అని చొక్కా జరిపి చూపించేవాడు చిన్నాయన.
కుర్రాడికి మూడేళ్ళు పడింది.
చిన్నాయనకు మెమో వచ్చింది,
మిగతా నలుగుర్నీ ఎందుకు వదిలావని.
ఆ రోజు పోయిన దుంగల సంగతి ఎవరూ అడగలేదు.

థర్‌కెటిల్ గ్లాసు వంకే చూస్తున్నాడు.
నాకు పన్నెండేళ్ళప్పుడు, అన్నాడు,
మా పొలాల కంచెల్లో ఎల్మ్ చెట్లన్నీ
వేసవి నడిమధ్యన ఆకు రాల్చేశాయి.
తెగులు. అది కూడా ఓడ మీదే వచ్చిందట,
ఎవడూ లేపి చూడని దుంగల్లో.
మా తాతను ఎల్మ్ పెట్టెలో పెట్టాం.
నాన్నకు దొరకలేదు.

ఇరవై ఏళ్ళుగా ఈయన ప్రతి మూతా
ఎందుకు లేపుతాడో నాకు అప్పుడు తెలిసింది.

పెట్టెలకు సీలు వేశాం, నంబరు ఇచ్చాం.
కేసు తేలేదాకా ఇక్కడే షెడ్డులో ఉంటాయట.
తేలడం తెలియని కొయ్య
సముద్రపు గాలికి, చీకట్లో.
ఒకవేళ తేలినా ఎక్కడికి పంపుతారు?
మెడకు వేళ్ళు రావు.

లోపలి ఎరుపును మీ భాషలో ఏమంటారు, అన్నాడు.
చెప్పాను. రెండుసార్లు అని చూసుకున్నాడు,
రెండోసారి దాదాపు సరిగ్గానే.
దానికి ఇంకో అర్థం ఉందని
ఎందుకో చెప్పలేదు.

పొద్దున్నే తలుపు తీస్తే
బల్ల మీద గ్లాసు అలాగే ఉంది.
రాత్రంతా నానినా
నీళ్ళకు ఒక్క చుక్క రంగు వదల్లేదు.